రాయొద్దన్న మాట

"మీ పేపరే నాకు సాక్ష్యం పంతులూ. ఇంకెవల్నీ అడగక్కర్లేదు," అన్నాడు సబ్ ఇన్‌స్పెక్టర్ మన్మథరావు.

అతని చేతిలో మా 'నాగావళి వాణి' వారపత్రిక ఉంది. మూడో పేజీ పైకి కనిపించేలా నాలుగు మడతలు పెట్టాడు. ఆ పేజీ నాది. 'మన నడుమ మనుషులు' అని పేరు పెట్టి, వారానికొకరితో కబుర్లాడి, వాళ్ల మాటను వాళ్ల మాటగానే అచ్చువేస్తానని డప్పు కొట్టుకున్న రత్నకుమార్‌ని నేనే. తెనాలి నుంచి వచ్చి రాయగడ బళ్లో తెలుగు మాస్టరుగా చేరి ఎనిమిది నెలలు కాలేదు, అప్పుడే ఈ జిల్లా జనమంతా నా అరచేతిలో ఉన్నారనుకున్నాను. వేసవిలో ఒక హార్మోనియం దొంగను పట్టించినప్పటి నుంచి నలుగురూ 'డిటెక్టివ్ పంతులు' అంటుంటే, వద్దనకుండా మురిసిపోయినవాణ్ని కూడా నేనే.

శనివారం ఉదయం పదీ ఇరవై అయింది. గుణుపురానికి రెండు మైళ్ల దూరంలో, జగ్గువలసలో, ఎర్రయ్య తాత ఇంటి ముందు నిలబడి ఉన్నాం. మంగళవారం ఇదే అరుగు మీద నన్ను కూర్చోబెట్టి జొన్నపొత్తు కాల్చి పెట్టిన మనిషి, శుక్రవారం తెల్లవారేసరికి పెరట్లో తల పగిలి పడి ఉన్నాడు.

"చదవమంటారా?" అని మన్మథరావు నా జవాబు కోసం ఆగకుండానే చదివాడు. "'పట్టా కాగితం ఎక్కడుందని అడిగాను. ఎర్రయ్య తాత బోసినోటితో నవ్వి, దాన్ని గుంటలో దాచానన్నాడు.' ఇది మీరు రాసిందే గదా?"

"నేను రాసిందే."

"ముసిలోడు ఈ మాట అన్నప్పుడు పక్కన ఎవరెవరున్నారు?"

"ఆయన భార్య అప్పమ్మగారు. ఇంకా ఈ దాలయ్య."

దాలయ్య అరుగు స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. రెండు చేతులకీ బేడీలు. ఇరవై ఏళ్లుగా ఆ ఇంటి బండి తోలుతున్న మనిషి. నా వైపు ఒక్కసారి చూసి తల దించుకున్నాడు.

"అయిపోయింది గదా! కాగితం గుంటలో ఉందని మంగళవారం విన్నాడు. గురువారం రాత్రి పెరట్లో ఉన్న గోతులన్నీ తవ్వి పోగులు పెట్టేడు. తెల్లారగట్ల చప్పుడుకి ముసిలోడు లేచేడు, చూసేడు. వీడు గునపంతో ఒక్కటిచ్చేడు. అడిగితే తెల్దు అంటాడు. ఏటడిగినా తెల్దే. ఒంటిగంట బస్సుకి వీణ్ని గుణుపురం మేజిస్ట్రేటు దగ్గరకి పట్టుకుపోతాను. అక్కణ్నుంచి కోరాపుట్. ఆపైన ఉరి."

ఆ కాగితం సంగతి ఈ తాలూకాలో అందరికీ తెలుసు. శ్రీకాకుళం వైపు నుంచి తాతల నాడు వలస వచ్చిన పదకొండు కుటుంబాల పొలానికి అదొక్కటే ఆధారం. ఆ పొలం తాను కొన్నానని గుణుపురం కలప షావుకారు దావా వేశాడు. సోమవారం కోరాపుట్ కోర్టులో అసలు పట్టా చూపించకపోతే పొలం షావుకారుది. అందుకే నేను ఎర్రయ్య తాతను వెతుక్కుంటూ వచ్చి, గుచ్చి గుచ్చి ప్రశ్నలు అడిగాను.

ఇంతవరకు మన్మథరావుకి తెలుసు. అతనికి తెలియనిది ఒకటుంది. ఎవరికీ చెప్పనిది, చెప్పే మొహం లేనిది. కాగితం ఎక్కడ దాచాడో చెప్పిన వెంటనే తాత నా మోకాలు పట్టుకుని అన్నాడు: "ఇది మాత్తరం రాయకు బాబూ." సరేనన్నాను. ఒట్టు పెట్టినంత గట్టిగా సరేనన్నాను. గురువారం మధ్యాహ్నం కాలమ్ చివర ముక్తాయింపు సరిగ్గా కుదరక, ఆ మాట పడితే ఎంత బాగుంటుందో అనిపించి, రాసేశాను. నా సిగ్గుమాలినతనం ఇది. నిన్న సాయంత్రం పత్రికాఫీసుకి చావు కబురు వచ్చినప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు.

"తమ్ముడూ, నీ తప్పేమీ లేదు. ఊరికే కుమిలిపోకు," అన్నాడు జయరాజన్న.

జయరాజు మా ప్రెస్సులో అచ్చక్షరాలు పేర్చే కంపోజిటరు. బాపట్ల మనిషి, నాకంటే పదిహేనేళ్లు పెద్ద. ప్రూఫులు దిద్దడం నేర్పింది ఆయనే, ఆదివారం చర్చిలో పక్కన కూర్చునేదీ ఆయనే. ఒక్కడివీ వెళ్లొద్దు, తోడొస్తానని పొద్దున్న ఆరు గంటల బస్సు ఎక్కాడు. ఆయన ఓదారుస్తున్న కొద్దీ నాకు ఇంకా సిగ్గేసింది.

నేను దాలయ్య ముందు గొంతుక్కూర్చున్నాను.

"దాలయ్యా, గురువారం రాత్రి ఎక్కడున్నావు?"

"తెల్దు బాబూ."

"నువ్వెక్కడున్నావో నీకు తెలీదా?"

"తెల్దు."

"తాత ఆ మాట అన్నప్పుడు నువ్వు విన్నావుగా? ఏమన్నాడు?"

అతని దవడ బిగుసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా నోరు విప్పలేదు. భయపడినవాడి మౌనంలా లేదు అది, పట్టుదలలా ఉంది.

"చూసేరా? నేరం చేసినోడు ఇలాగే ఉంటాడు," అన్నాడు మన్మథరావు.

"నేను పెరడు చూడొచ్చా?"

"చూడండి, చూసి మళ్లీ పేపర్లో రాయండి. మీకదే గదా పని!"

చెంపదెబ్బ తిన్నట్టయింది. వెనక్కి నడిచాను.

పెరట్లో మూడు గోతులు. ఎరువు గొయ్యి, సున్నం నానబెట్టే గొయ్యి, ఆనపపాదు పక్కన ఒకటి. మూడింటినీ మోకాలి లోతు ఎక్కువగా తవ్వారు. వేరే చోట ఎక్కడా నేల గీసినట్టు కూడా లేదు. ధాన్యం గాదె అలాగే ఉంది. ఇంట్లో పెట్టె తాళం పగలగొట్టలేదు. చూరు పీకలేదు. వచ్చినవాడు గొయ్యి తప్ప ఇంకేదీ పట్టించుకోలేదు. 'గుంటలో' అన్న నా మాటనే పట్టుకుని వచ్చాడు.

సున్నం గొయ్యి పక్కన తెల్లటి గోడ మీద నాలుగు వేళ్ల నల్లటి మరక ఉంది. గొయ్యిలోంచి పైకి లేస్తూ గోడ పట్టుకున్న చెయ్యి అది.

"అదీ చూసేను. బండి కందెన. దాలయ్య చేసే పనే అది," అని వెనకాల నుంచి మన్మథరావు అన్నాడు.

మరక మీద ముక్కు పెట్టి వాసన చూశాను. "కందెన అయితే ఆముదం వాసన రావాలి. ఇది కిరసనాయిలు వాసన."

"పోలీసు కుక్కలా ఆ వాసనలేటి పంతులూ! ఆ గుడిసెలో బుడ్డి దీపం లేదా? కిరసనాయిలు అందరిళ్లల్లోనూ ఉంటాది."

"దాలయ్య వేళ్లు ఒకసారి ఈ మరక పక్కన పెట్టి చూద్దాం. అతనివి లావు వేళ్లు."

"కేసు నాది. మీ శిష్యరికం నాకక్కర్లేదు," అని అతను ముందుకి వెళ్లిపోయాడు.

ఆ వాసన నాకు బాగా అలవాటైనదే. ఎక్కడిదో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు.

వంటింటి గడప మీద అప్పమ్మ కూర్చుని ఉంది. డెబ్బై ఏళ్ల మనిషి. నన్ను చూడగానే లేచి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. "ఎండన పడి వచ్చేవు బాబూ, తాగు," అంది. ఆమెకు చదువు రాదు. నా రాతే తన మొగుణ్ని చంపిందని ఎవరూ ఆమెకు చెప్పలేదు. నేను చెంబు గడప మీద పెట్టేశాను.

"అప్పమ్మగారూ, మీకో మాట చెప్పాలి. తాత రాయొద్దన్న మాట నేను రాసేశాను. అది చదివే ఎవడో వచ్చాడు."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక నన్ను తిట్టలేదు. అదే నాకు పెద్ద శిక్షయింది.

"రాయొద్దన్నాడు గదా బాబూ. నానూ విన్నాను. నువ్వు అలగేనన్నావు," అని మాత్రం అంది.

"అన్నాను. తప్పు చేశాను. ఇప్పుడు దాలయ్యనైనా కాపాడాలి. మీరు నాకు నిజం చెప్పాలి. కాగితం దొరికిందా వాడికి?"

"ఎలాగ దొరుకుతాది?"

"గోతులన్నీ తవ్వాడు కదా. ఆ గుంట ఎక్కడుంది?"

"గుంటా? గుంట ఏటికి పోనాది."

నేను తెల్లమొహం వేశాను. "ఏటికి పోయిందా? వరదకి కోసుకుపోయిందా? ఎప్పుడు?"

"ఇందాకే పోనాది. మైల బట్టలన్నీ మూటగట్టుకుని పైరేవుకి పోనాది. మద్దేనానికి వస్తానంది."

"గుంట బట్టలు మూట కట్టడమేమిటండీ?"

ఆ దుఃఖంలోనూ అప్పమ్మ నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూసింది. "గుంటంటే మా రామతులసి గదా బాబూ, నా మనవరాలు. పంతొమ్మిదేల్లు నిండినా మా ముసిలోడికది గుంటే. అదిగో అవి గొయ్యిలు. గొయ్యిని గుంటంటావేటి?"

సంచిలోంచి నోటుపుస్తకం తీసి, మంగళవారం పేజీ తిప్పాను. ఎవరేమన్నా ముందు యథాతథంగా పెన్సిలుతో గీకేసుకోవడం నా అలవాటు. తీరుబడిగా దాన్ని మంచి తెలుగులోకి దిద్దుతాను. పేజీ అడుగున నా చేతిరాతే ఉంది: 'మా గుంటకాడ దాసేను.' గుంట దగ్గర దాయడమేమిటి, గుంటలో దాస్తారు గాని, ముసలాయనకి విభక్తి తెలీదు అనుకుని నేనే దిద్దాను. గుంటడంటే కుర్రాడని బళ్లో పిల్లలు అంటుంటే వందసార్లు విన్నాను. గుంటంటే ఆడపిల్ల అని ఈ మట్టిబుర్రకి తట్టలేదు. తెలుగు మాస్టర్నట! ఆ పుస్తకం అక్కడే పొయ్యిలో పడెయ్యాలనిపించింది.

"అంటే కాగితం..."

"దాని రొంటిని కట్టుకుని తిరుగుతాది. నిద్దట్లోనూ ఇప్పదు," అంది అప్పమ్మ.

సిగ్గుతో చచ్చిపోతున్నా, ఒక ఆలోచన మెరిసింది. దాలయ్య! తాత అన్న అసలు మాట విన్నవాడు దాలయ్య. ఈ ఊళ్లో పుట్టినవాడు. అతనికి గుంటంటే పిల్లే. అతనెందుకు గోతులు తవ్వుతాడు?

పరుగున అరుగు దగ్గరికి వచ్చాను. పట్టలేని ఆవేశంలో ఉన్నాను. ఎవరున్నారో లేరో చూసుకోలేదు.

"మన్మథరావుగారూ, దాలయ్య నిర్దోషి! గుంటంటే ఏమిటి? మీరు విజయనగరం వారు కదా, చెప్పండి."

"గుంటంటే ఆడపిల్ల. ఆమాత్రం తెల్దా?"

"నాకు తెలీదు! తాత 'గుంటకాడ దాసేను' అన్నాడు. మనవరాలి దగ్గర ఉందని. నేను దాన్ని గుంటలో అని దిద్ది గొయ్యి చేశాను. ఇదిగో నా నోటుపుస్తకం. కాగితం గోతుల్లో ఎప్పుడూ లేదు, రామతులసి రొంటినే ఉంది! ఆ గోతులు తవ్వినవాడు తాత మాట విన్నవాడు కాదు, నా అచ్చు చదివినవాడు!"

మన్మథరావు నోటుపుస్తకం లాక్కుని ఒకటికి రెండుసార్లు చదివాడు. ముందు ఫక్కున నవ్వాడు. తరవాత అతని మొహంలో నవ్వు పోయింది.

"అయితే కాగితం ఆ పిల్ల దగ్గర భద్రంగా ఉందన్నమాట. ప్రభువుకు స్తోత్రం," అన్నాడు జయరాజన్న. ఆయన మొహం విప్పారింది. నా కోసం సంతోషిస్తున్నాడనుకున్నాను.

"మాటలు కాదు పంతులూ. కోర్టులో నిలబడి ఇది చెప్తావా? నీ రాత తప్పని, ముసిలోడు వద్దన్నా రాసేవని?" అన్నాడు మన్మథరావు. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. నాకది న్యాయంగానే తోచింది.

"చెప్తాను."

"అయితే ఇప్పుడే రాసియ్యి. అక్షరం పొల్లు పోకూడదు."

పదకొండూ పది. అరుగు మీద బోర్లా పెట్టిన చేట మీద కాగితం పెట్టుకుని రాశాను. తేదీ 20-9-1958. నా పేరు, నా ఉద్యోగం, నా తప్పు. ఎర్రయ్యగారు అనని మాటను అన్నట్టు రాశాను. రాయవద్దని బతిమాలినా రాశాను. ఆయన మాట నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని నాకు తెలియనూ లేదు. ఎనిమిది నెలల్లో నేను రాసిన కాలమ్‌లలో అబద్ధం లేనిది బహుశా ఇదొక్కటే. ప్రతి వాక్యానికీ చెవులు కాలిపోయాయి. నా పేరు నిలువునా పోయినా ఫరవాలేదు, దాలయ్య ఇంటికి పోతాడు చాలు అనుకున్నాను. సంతకం పెట్టేసరికి పదకొండూ ముప్పై అయింది.

మన్మథరావు చదువుకుని, మీసం దువ్వుకున్నాడు. "మీ పేపరు ఈ ఊరికి ఎప్పుడొస్తాది?"

"శుక్రవారం ఆరు గంటల బస్సులో రాయగడలో కట్టలు వేస్తాం. తొమ్మిదిన్నరకి గుణుపురం. ఇక్కడికి వచ్చేసరికి మధ్యాహ్నమే."

"ముసిలోడు చచ్చింది శుక్రవారం తెల్లారగట్ల."

ఇద్దరం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. పేపరు రాకముందే పేపరు చదివినవాడు వచ్చాడు.

"అచ్చుకి ముందు ఈ పేజీ చూసిందెవరు?" అతను గొంతు తగ్గించి అడిగాడు.

"నేను. ఎడిటరుగారు బుధవారమే కోరాపుట్ వెళ్లారు, ఇంకా రాలేదు. మిషన్ తొక్కే బెహరాకి ఒడియా తప్ప తెలుగు చదవడం రాదు. గురువారం రెండు గంటలకి నా పేజీకి ప్రూఫు తీసి, నాలుగు గంటల గుణుపురం బస్సుకి ముందే పేజీ బిగించేసి..."

గోడ మీది వాసన ఏదో అప్పుడు తెలిసింది. కిరసనాయిలుతో ఎంత తుడిచినా వదలని సిరా వాసన. ప్రతి గురువారం నా పక్కనే నిలబడి అక్షరాలు పేర్చే వేళ్ల వాసన. జ్వరమని శుక్రవారం మధ్యాహ్నం దాకా ఆయన ప్రెస్సుకి రాలేదు. పోయిన నెల ఆ కలప షావుకారింటి శుభలేఖలు అచ్చువేసి, ఆయనే మోసుకెళ్లి ఇచ్చి, వాళ్లింట్లోనే భోంచేసి వచ్చాడు. కాగితం దొరకలేదు కాబట్టే ఈ రోజు నాకు తోడొచ్చాడు. నేను వెతికిపెడతానని వచ్చాడు, వెతికిపెట్టాను.

"జయరాజన్నా!" అని అరిచాను. ఆయన కూర్చున్న చోటు ఖాళీగా ఉంది.

అప్పుడు దాలయ్య నోరు విప్పాడు. పొద్దుటి నుంచి తెల్దు తప్ప ఇంకో మాట అనని మనిషి గొంతు చించుకున్నాడు.

"ఎందుకు సెప్పీసేవు బాబూ! తన్నేరు, కొట్టేరు, ఉరేత్తామన్నారు. అయినా గుంట పేరు నానెత్తినానా? ఆ మాట నోట్లోంచి వస్తే దాని పేనం పోద్దని గదా, తెల్దు తెల్దని సచ్చినట్టు కూకున్నాను! నువ్వొచ్చి నడివీధిన కేకలెట్టీసేవు!"

రాయొద్దన్న మాట అచ్చువేసి తాతను చంపాను. ఇప్పుడు నోటితోనే ఇంకోటి చేశాను. మన్మథరావు తాళం చెవి తీసి బేడీలు విప్పుతున్నాడు.

పిల్ల పైరేవుకి బట్టలు ఉతకడానికి వెళ్లిందని చెప్పాను. "పైరేవు ఎంత దూరం?" అని అడిగాడు.

"అడ్డదారిన అర మైలు," అన్నాడు దాలయ్య. బేడీ ఊడీ ఊడకముందే అరుగు దూకి పరుగెత్తాడు. మన్మథరావు అతని వెనకే పరుగెత్తాడు. నేను చెప్పులు విడిచేసి కదలబోతుంటే, నా కేకలకి అప్పమ్మ గోడ పట్టుకుని ముందుకి వచ్చింది.

"ఎవల్ని పిలుత్తన్నావు బాబూ? నీ కూడా వచ్చిన ఆ పెద్దాయన్నా? నువ్వు రాసుకుంతన్నప్పుడే ఏటికి పోనాడు. పంతులుగారు కాగితం అట్టుకు రమ్మన్నారు, గుంట ఎక్కడికి పోనాదని అడిగేడు. దారి నానే సూపించేను. నీ పేరు సెప్పేడు గదా బాబూ, నమ్మీసేను."